మండువా ఇంటిని నిలుపుకోవడమా, తరలించడమా, విప్పి అమ్మడమా: కొండ ఊళ్ల అనుభవంతో ఒక పోలిక

గుంటూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపునా, విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలోనూ తాతల నాటి మండువా ఇల్లు (నడుమ ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ లోపలికి వాలిన పెంకు కప్పు ఉన్న ఇల్లు) ఉన్న కుటుంబాలకు ఇవాళ ఎదురవుతున్న చిక్కు దాదాపు ఒకటే. ఇల్లు పాతబడింది, పెంకు కారుతోంది, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు, ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లకు అంత ఇల్లు ఊడ్చుకోవడమే భారంగా ఉంది. సంక్రాంతికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసినప్పుడు ఇంటి మాట వస్తుంది. అప్పటికే పాత కలప కొనే వ్యాపారి ఒకరు విజయవాడ నుంచి వచ్చి, స్తంభాలను తట్టి చూసి, దూలాలకు టేపు పెట్టి, ఒక అంకె చెప్పి వెళ్లి ఉంటాడు. అందరి చేతిలో ఉన్న అంకె అదొక్కటే కనుక నిర్ణయం దాని వైపే మొగ్గుతుంది. మిగిలిన దారుల ఖర్చూ కష్టమూ కూడా లెక్క వేసుకుని, అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే ఆ వ్యాపారికి జవాబు చెప్పడం మంచిది. ఈ పోలిక అందుకోసమే.

ఇందుకు మైదానంలో ఉన్న మనం కొండ ఊళ్ల వైపు చూడడం వింతగా తోచవచ్చు. అయితే గుళ్లూ కోటలూ కాకుండా మామూలు సంసారుల చెక్క ఇళ్లను కాపాడుకోవడంలో ఎక్కువ అనుభవం పోగుపడినది కొండ ఊళ్లలోనే. జపాన్‌లోని షిరకావా-గో, స్లొవాకియాలోని వ్లకోలినెట్స్, మన హిమాచల్‌లోని కుల్లూ లోయ ఊళ్లు తలా ఒక దారి పట్టాయి. ఆ దారుల మంచిచెడ్డలు ఇప్పుడు దశాబ్దాల తరబడి కంటికి కనిపిస్తున్నాయి. వడ్రంగం మాత్రం అక్కడి నుంచి నేరుగా తెచ్చుకోలేము. హిమాచల్‌లో కాఠ్‌కునీ అనే పద్ధతిలో దేవదారు దుంగల వరుస ఒకటి, రాళ్ల వరుస ఒకటి మార్చి మార్చి పేర్చి గోడ లేపుతారు కనుక అక్కడ గోడలోనే కలప ఉంటుంది. మన మండువాలో గోడ మట్టిదో ఇటుకదో అయి, కలప స్తంభాల్లో, దూలాల్లో, వాసాల్లో, ద్వారబంధాల్లో ఉంటుంది. వాళ్ల భయం మంచు, భూకంపం, నిప్పు. మన భయం చెద, తేమ, తుఫాను గాలి. అక్కడి నుంచి మనం నేర్చుకోదగినది చెక్క పనికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి: ఆ ఇంట్లో ఎవరుంటారు, ఏటా వానలకు ముందు కప్పు ఎక్కి చూసేది ఎవరు అన్నది.

దారి ఏదైనా ముందుగా చూడవలసిన చోట్లు

మండువా ఇల్లు పాడయ్యేది సాధారణంగా రెండు చోట్ల మొదలవుతుంది. మొదటిది స్తంభం అడుగు. కట్టిన నాటి మేస్త్రీలు టేకు స్తంభాన్ని నేలలో పాతలేదు, రాతి దిమ్మె మీద నిలబెట్టారు. వసారా కడిగిన నీళ్లు దిమ్మె చుట్టూ పారిపోయి కర్ర ఆరిపోయేది. తరువాతి కాలంలో ఎవరో పాత గచ్చు మీదనే సిమెంటు పోసి టైల్సు పరిపించారు. నేల రెండు మూడు అంగుళాలు లేచి దిమ్మె మునిగిపోయింది, స్తంభం అడుగు సిమెంటులో కూరుకుపోయింది. ఇప్పుడు కడిగిన ప్రతిసారీ ఆ సందులోకి దిగిన నీరు బయటకు రాదు. కలపలో తేమ నూటికి ఇరవై వంతులకు లోపు ఉన్నంత కాలం కుళ్లు పట్టదు. అది దాటి అలాగే నిలిచిపోతే ఎంత మంచి టేకైనా మెత్తబడుతుంది. ఒక మామూలు స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి స్తంభం అడుగునా నాలుగు వైపులా పొడిచి చూడండి. చేవ ఉన్న చోట మొన జారిపోతుంది, కుళ్లిన చోట రొట్టెలోకి దిగినట్టు దిగుతుంది. రంగు పైకి చక్కగా నిగనిగలాడుతూ ఉండవచ్చు, దాన్ని నమ్మకూడదు. ఆయిల్ పెయింటు లోపలి తేమను బయటకు పోనివ్వదు కాబట్టి రంగు మందంగా ఉన్న స్తంభాన్నే ముందు పొడిచి చూడాలి.

రెండవది మండువా మూల. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి కలిసే చోట జింకు రేకుతో ఒక కాలువ ఉంటుంది. ఇంటి మీద పడిన వాననీటిలో పెద్ద భాగం ఆ నాలుగు మూలల నుంచే దిగుతుంది. వేపాకు, మామిడాకు, పావురాల గూళ్లు ఆ కాలువలో చేరి మొదటి వానకు ముద్దగా మారతాయి, నీరు రేకు అంచు దాటి కిందనున్న మూల దూలం మీద పడుతుంది. రెండు దూలాల కొనలు కలిసి స్తంభం తల మీద కూర్చునే చోటు అదే కనుక, అక్కడ కుళ్లు పడితే కప్పులో రెండు వైపులు ఒకేసారి కుంగుతాయి. మధ్యాహ్నం ఎండలో అటక ఎక్కి, లైట్లు ఆర్పి చూస్తే వెలుగు చుక్కలు కనిపించే చోట్లన్నీ రేపు నీరు కారే చోట్లే.

చూడవలసిన మూడవ చోటు ఇంట్లో లేదు, వీధిలో ఉంది. ఊళ్లలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోవడం వల్ల చాలా పాత ఇళ్లు వీధి కంటే పల్లమయ్యాయి. వీధి నీరు గడప దాటుతుంటే లోపల ఎంత కర్ర పని చేయించినా నిలవదు. ఇటీవల విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో జాకీలు పెట్టి ఇళ్లను ఎత్తే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. రష్యాలో ఒనెగా సరస్సు దీవి మీద ఉన్న కిజీ చెక్క చర్చికి, అంటే 1714 నాటి ఇరవై రెండు గుమ్మటాల కట్టడానికి, ఈ మధ్య చేసిన మరమ్మతులో పై భాగాన్ని ఎత్తి నిలిపి కింది దుంగల వరుసలను తీసి బాగు చేసి మళ్లీ పెట్టారు. అక్కడ అది కుదరడానికి కారణం దుంగలన్నీ ఒకదానితో ఒకటి మూలల్లో కొరికి బిగించి ఉండడం. మన మండువాలో మట్టి గోడ వేరు, కర్ర చట్రం వేరు. రెండింటినీ ఒకే మట్టంలో లేపడం చాలా కష్టం, గోడ విచ్చిపోతుంది. కనుక నా అభిప్రాయంలో మట్టి గోడల మండువాకు జాకీల పద్ధతి తగదు. వీధి వైపు అరుగు అంచున ఒక అడ్డు, దాని వెంట లోతైన కాలువ కట్టించి నీటిని దొడ్డి వైపు మళ్లించడం చౌకా, క్షేమమూ.

ఉన్నచోటే, ఉన్నవాళ్లతో

మొదటి దారి ఇంటిని ఇల్లుగానే ఉంచడం. దీనికి చెప్పుకోదగిన నిదర్శనం షిరకావా-గోలోని ఒగిమాచి గ్రామం. అక్కడి ఇళ్లకు గడ్డి కప్పు నమస్కారం పెట్టిన చేతుల మాదిరిగా నిటారుగా లేస్తుంది. పై అంతస్తుల్లో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవారు. ఆనకట్టలకు, వలసలకు ఇళ్లు పోతున్న రోజుల్లో, 1971లో ఆ ఊరివాళ్లే ఒక సంఘంగా చేరి ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని కట్టుబాటు చేసుకున్నారు. యునెస్కో గుర్తింపు వచ్చినది ఆ తరువాత చాలా కాలానికి, 1995లో. ఈ వరస గమనించదగినది: ముందు ఊరి మాట, తరువాత ప్రభుత్వ రక్షణ, ఆ తరువాతే ప్రపంచం మెప్పు. కప్పు మార్చవలసి వచ్చినప్పుడు ఊరంతా వంతుల వారీగా వచ్చి పని చేసే ఆచారం ఉండేది. మన ఊళ్లలో పాక నేతకు ఇరుగుపొరుగు కలిసి వచ్చినట్టే అది కూడా. ఇప్పుడు అక్కడ సైతం కొంత పని కూలికే జరుగుతోంది. ఆ ఇళ్ల మధ్యలో ఉండే పొయ్యి పొగ కప్పు గడ్డినీ, కట్టిన తాళ్లనూ పురుగు పట్టకుండా కాపాడుతుంది. మన పాత వంటింటి వాసాలు మసిబారి గట్టిగా ఉండడానికి కూడా కట్టెల పొయ్యి పొగే కారణమని మా వైపు వడ్రంగులు చెబుతారు. గ్యాసు పొయ్యి వచ్చిన ఇంట్లో ఆ కాపలా పోయిందని గుర్తించి, ఆ గది వాసాలను ఏటా ఒకసారి చూసుకోవాలి.

ఈ దారి ఎంచుకున్నవారికి ఖర్చు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. అదే దీని సుగుణం. అడుగు మాత్రమే కుళ్లిన స్తంభాన్ని మొత్తం మార్చనవసరం లేదు. పక్కన ఊతకర్రలు పెట్టి దూలం బరువు వాటి మీదకు తెచ్చి, కుళ్లు దాటి మంచి కర్ర తగిలే దాకా కోసి, అదే జాతి పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకామాస్ 2017లో ఢిల్లీలో జరిపిన మహాసభ చెక్క కట్టడాల కోసం ఆమోదించిన సూత్రాలు చెప్పేదీ ఇదే: కొత్త ముక్క వీలైనంత వరకు పాత కర్ర జాతిదే అయి ఉండాలి, తేమ కూడా దానికి సమానంగా ఉండాలి, ఏది కొత్తదో తరువాత వచ్చేవాడికి తెలిసేలా గుర్తు ఉండాలి. పచ్చి టేకు తెచ్చి ఎండిన పాత స్తంభానికి అతికిస్తే రెండు ఎండాకాలాలకు అది ముడుచుకుని అతుకు విచ్చుతుంది. అందుచేత పాత కలప అడితిలో అదే కొలతల ముక్క వెతకడం కొత్త దుంగ కొనడం కంటే మేలు. పక్క ఊళ్లో విప్పేసిన ఇంటి కర్ర మీ ఇంటి స్తంభానికి పాదం కావడంలో కాస్త విషాదం ఉన్నా, కర్రకు అంతకంటే మంచి గతి లేదు.

పెంకు మార్చే విషయంలో మూడు ఆలోచనలు వినిపిస్తుంటాయి. బెంగుళూరు పెంకునే తీసి, కడిగి, పగిలినవి మార్చి మళ్లీ సర్దించడం వాటిలో మొదటిది. ఇది సరైనది, కానీ పెంకు మీద నడవడం తెలిసిన మనుషులు తగ్గిపోతున్నారు. రెండవది రేకులు వేయడం. చూపుకు బాగుండదు, మే నెలలో ఇల్లు పెనం అవుతుంది. అయినా వాసాల మీద మేకుల రంధ్రాలు తప్ప శాశ్వతమైన నష్టం చేయదు, రేపు తీసేయవచ్చు. డబ్బు చేతికి వచ్చే దాకా కర్రను తడవకుండా కాపాడే తాత్కాలిక ఏర్పాటుగా దాన్ని నేను తప్పు పట్టను. మూడవది పెంకు తీసి పాత గోడల మీద కాంక్రీటు శ్లాబు పోయడం. మట్టి గోడలు ఆ బరువుకు కట్టినవి కావు, లోపలి స్తంభాలు కేవలం అలంకారంగా మిగులుతాయి, ఇంటిలోకి వచ్చే గాలి తీరే మారిపోతుంది. అంతకంటే ఇల్లు తీసి కొత్తది కట్టుకోవడం నిజాయితీగా ఉంటుంది.

వ్లకోలినెట్స్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ దారి ఎక్కడ ఆగిపోతుందో అది చూపిస్తుంది. నలభై అయిదు దాకా దుంగల ఇళ్లున్న ఆ కొండ ఊరు 1993లోనే యునెస్కో జాబితాకెక్కింది. కప్పులు చక్కగా ఉన్నాయి, గోడలకు రంగులున్నాయి, కానీ ఏడాది పొడుగునా అక్కడ కాపురమున్నవాళ్లు కొద్దిమందే. ఇల్లు నిలిచి మనుషులు పోయిన ఊరది. షిరకావా-గోలో మనుషులు మిగిలారు కానీ, కరోనాకు ముందు ఏటా పది లక్షలకు మించి వచ్చిన సందర్శకుల మధ్య వాళ్లు సంసారం చేసుకోవలసి వచ్చింది. ఇంట్లో కనీసం ఒక కుటుంబం ఉండి, రోజూ తలుపులు తీసి, పొయ్యి వెలిగించే వీలు లేకపోతే మొదటి దారిని మనసులోంచి తీసివేయడమే మంచిది. తాళం వేసి, ఏడాదికొకసారి సంక్రాంతికి తెరిచే ఇంటిని మరమ్మతు చేయించడం చెదలకు కొత్త కర్ర వేసినట్టే.

ఉన్నచోటే, వేరే పనికి

రెండవ దారి ఇంటిని కదపకుండా దాని పని మార్చడం. కుల్లూ లోయలో నగ్గర్ కోట ఇందుకు పాత ఉదాహరణ. దాదాపు 1460 ప్రాంతంలో కాఠ్‌కునీ పద్ధతిలో కట్టిన ఆ భవనం 1905 ఏప్రిల్ 4 నాటి కాంగ్రా భూకంపాన్ని తట్టుకుని నిలిచింది. ఇప్పుడు హిమాచల్ పర్యాటక అభివృద్ధి సంస్థ దాన్ని హోటలుగా నడుపుతోంది. గదుల్లో అతిథులు ఉంటారు కనుక కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది, ఆదాయం ఉంటుంది కనుక బాగు చేయించడానికి డబ్బూ ఉంటుంది.

మన దగ్గర ఈ దారి ఎక్కువగా పెళ్లి ఫొటోలకు, సినిమా చిత్రీకరణలకు, సెలవు రోజుల విడిదికి ఇవ్వడంగా వస్తోంది. బడి పిల్లల గ్రంథాలయంగానో, సంగీతం నేర్పే చోటుగానో, ఊరి డాక్టరుగారి క్లినిక్‌గానో ఇవ్వడం నాకు ఇంకా నచ్చుతుంది. అద్దె తక్కువ వచ్చినా రోజూ మనుషులు తిరుగుతారు. ఏదైనా సరే, ఒప్పందంలో రాసుకోవలసినవి ఉన్నాయి. స్తంభాలకూ దూలాలకూ మేకులు కొట్టకూడదు, ఏసీ కోసం గోడ తొలిచేటప్పుడు కర్రను తాకకూడదు, స్నానాల గదులు ప్రధాన చట్రం లోపల కాక దొడ్డి వైపు వేరుగా కట్టాలి. ఈ మూడవదాన్ని తేలికగా తీసుకుంటే ఇల్లు పదేళ్లు నిలవదు. పడక గదికి ఆనుకుని షవరు పెట్టిన మండువాలో గోడ లోపలి దూలం కొన నల్లబడడం, దాని వెంట చెదమట్టి గీతలు పాకడం నేను దగ్గరగా చూశాను. పైన పీవోపీ సీలింగు కప్పి ఉండడంతో ఎవరికీ కనిపించలేదు. అందుకే వాసాలను మూసే సీలింగు ఏదీ ఒప్పుకోకూడదని కూడా రాయించాలి.

నిప్పు భయం ఈ దారిలో రెట్టింపు అవుతుంది. హిమాచల్‌లోని మలానా ఊళ్లో 2008 జనవరిలో రేగిన మంటలకు పాత చెక్క గుళ్లూ ఎన్నో ఇళ్లూ కాలిపోయాయి. షిరకావా-గోలో ఏటా ఊరంతా నీటి తుపాకులు విడిచి అభ్యాసం చేసేది ఇందుకే. మన ఇళ్లలో ప్రమాదం చెక్క బద్దీల మీద నడిచే నలభై ఏళ్ల నాటి వైరింగులో దాగి ఉంది. కొత్త పనికి ఇచ్చే ముందు అది పూర్తిగా తీయించి, పైపుల్లో కొత్త తీగలు నడిపించి, లీకేజీ అయితే కరెంటు ఆపే స్విచ్చి పెట్టించడం అన్నింటికంటే ముందు పెట్టవలసిన ఖర్చు.

విప్పి మరొక చోట నిలపడం

స్టాక్‌హోమ్‌లో 1891లో ఆర్థర్ హజేలియస్ ప్రారంభించిన స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాల నుంచి ఈ ఆలోచన లోకమంతా పాకింది. స్వీడన్ పల్లెల నుంచి ఇళ్లను విప్పి తెచ్చి ఒక చోట మళ్లీ నిలబెట్టారు. జపాన్‌లో కవాసాకి నగరంలో 1967లో తెరిచిన అలాంటి ప్రదర్శనశాల మింకా-ఎన్‌లో ఇరవైకి పైగా పాత ఇళ్లు అలా వచ్చి చేరినవే, వాటిలో కొండ ఊళ్ల గడ్డి కప్పుల ఇళ్లూ ఉన్నాయి. మనకు దగ్గరలో చెన్నై పక్కన ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో దక్షిణాది రాష్ట్రాల ఇళ్లతో పాటు ఆంధ్ర ఇళ్లనూ చూడవచ్చు. ఈ దారిలో దిగాలనుకునేవారు ముందుగా ఒక రోజు అక్కడికి వెళ్లి రావడం వృథా కాదు.

అయితే ఇందులో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది తెలుసుకోవడానికి గుంటూరువాళ్లం చెన్నై దాకా కూడా వెళ్లనక్కరలేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే రెండు ఉదాహరణలున్నాయి. రాతివే అయినా పాఠం ఒకటే. నాగార్జున సాగర్ నీళ్లలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా విస్తృతంగా తవ్వకాలు జరిపి, ఏ కట్టడం ఎక్కడ, ఏ దిక్కుకు, ఏ కొలతతో ఉందో నమోదు చేసి, కొన్నింటిని కొండ మీదా మరికొన్నింటిని అనుపు దగ్గరా తిరిగి నిలిపారు. ఈనాడు అనుపులో మెట్ల రంగస్థలం ముందు నిలబడితే అది ఏమిటో అర్థమవుతుంది. అమరావతిలోని బౌద్ధ స్తూపం, మహాచైత్యం కథ దీనికి తలకిందులు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయ సర్వేయరు కాలిన్ మెకంజీ బృందం బొమ్మలు గీసేనాటికే ఎన్నో రాళ్లు కొత్త కట్టడాలకూ సున్నపు బట్టీలకూ పోయాయి. 1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు, ఆ తరువాత లండన్‌కు చేరాయి. ఒక్కొక్క ఫలకం అద్భుతమే, కానీ ఏ ఫలకం పక్కన ఏది ఉండేదో పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నాగార్జునకొండలో ఉండి అమరావతిలో లేనిది నమోదు.

కనుక మండువాను తరలించాలనుకుంటే విప్పడానికి ముందు చేయవలసిన పని విప్పడం కంటే ఎక్కువ. నేల పటం, నాలుగు వైపుల పటాలు, కప్పు నిర్మాణం కొలతలతో గీయించాలి. విజయవాడలో ప్రణాళికా వాస్తుకళా విద్యాలయం (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది. పాత ఇళ్ల కొలతలు తీసి పటాలు గీయడం వాస్తుకళ విద్యార్థుల చదువులో భాగం కనుక అక్కడ అడిగి చూడడం మంచిది. ప్రతి కర్రకూ సున్నంతోనో సుద్దతోనో కాక, రేకు బిళ్ల మీద అంకె కొట్టి, కనిపించని వైపు బిగించాలి, సుద్ద అంకె లారీలోనే చెరిగిపోతుంది. అతుకులు విప్పేటప్పుడు పైన వేసిన కర్ర ముందు, కింద వేసినది తరువాత రావాలి. తొందరలో గునపం వేసి పెకిలిస్తే స్తంభం తల మీద చెక్కిన బోదె చీలిపోతుంది, ఇంటి మొత్తంలో విలువైన చెక్కడం అక్కడే ఉంటుంది. కలపను జిల్లా దాటించే ముందు అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కుని కాగితం చేతిలో పెట్టుకోవాలి, టేకు లారీని దారిలో ఆపితే అది పాత ఇంటి కర్ర అని నోటి మాటగా చెబితే చాలదు.

వీటన్నింటికీ ఖర్చు, ఉన్నచోట మరమ్మతు కంటే ఎక్కువే అవుతుంది. గోడలు తరలిరావు, కొత్తగా కట్టాలి. పునాది కొత్తది. పాత ఇంటి గచ్చు, పెరటి బావి, వీధి అరుగు రావు. అందుచేత తరలింపు అన్నది రోడ్డు విస్తరణలోనో, ముంపులోనో, పంపకాల్లో స్థలం వేరొకరికి పోవడంతోనో ఇల్లు ఉన్నచోట నిలిచే మార్గమే లేనప్పుడు మాత్రమే ఎంచుకోదగినది. ఊరికి దూరమైందని, నగర శివారులోని తోటలో పెట్టుకుంటే అందంగా ఉంటుందని తరలించే వారికి డబ్బుంటే అభ్యంతరం చెప్పేవారుండరు, కానీ దాన్ని పరిరక్షణ అని పిలవడం నాకు ఇష్టం లేదు.

విప్పి అమ్మడం

నాలుగవ దారి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, అది ఇప్పటికే అందరికీ తెలిసినది. పాత టేకుకు గిరాకీ ఉంది. వ్యాపారి ఘనపుటడుగుల లెక్కన కొంటాడు, మేకుల రంధ్రాలు, పగుళ్లు, కొనల కుళ్లు చూపించి తరుగు తీస్తాడు. చెక్కిన ద్వారబంధాన్నీ, బోదెలనూ కూడా కొందరు అదే ఘనపుటడుగుల్లో కలిపేస్తారు, అవి విడిగా ధర కట్టవలసినవి. తాటి వాసాలకు వ్యాపారి లెక్కలో విలువ ఉండదు, కానీ చేవ ఉన్న నల్ల తాటి వాసం ఇంకో పశువుల పాకకు రెండు తరాలు వస్తుంది, వాటిని ఊళ్లోనే ఇచ్చేయడం మంచిది. అమ్మక తప్పదనుకున్న కుటుంబం కూడా పైన చెప్పిన పటాలు, ఫొటోలు తీయించుకుని, వాటిలో ఒక ప్రతిని జిల్లా గ్రంథాలయానికి ఇస్తే, ఇల్లు పోయినా ఇంటి ఆకారం మిగులుతుంది. కప్పు వాలు ఎంత, స్తంభానికి స్తంభానికి ఎడం ఎంత, దూలం మందం ఎంత అన్నవి తెలిస్తే రేపు మరొకరు అదే తీరులో కొత్త ఇల్లు కట్టుకోగలరు.

ఎవరికి ఏది

ఇంట్లో కాపురమున్నవారు ఉండి, చట్రం మూడు వంతులు గట్టిగా ఉంటే మొదటి దారి తప్ప మరొకటి ఆలోచించకండి. ఏడాదికొక వైపు చొప్పున బాగు చేయించుకోవచ్చు. కాపురం లేకపోయినా ఊరు పెద్ద రోడ్డుకు దగ్గరలో ఉండి, నమ్మకంగా చూసుకునే మనిషి దొరికితే రెండవది. స్థలమే పోతుంటే మూడవది, అదీ పటాలకూ గుర్తులకూ సమయం చిక్కితేనే. ముప్పై రోజుల్లో ఖాళీ చేయమన్న చోట తరలింపు పేరుతో జరిగేది చివరకు అమ్మకమే అవుతుంది. స్తంభాల అడుగులూ మూల దూలాలూ సగానికి పైగా పోయి, వారసులు ఏడెనిమిది మందై, ఎవరికీ ఉండే ఉద్దేశం లేనప్పుడు నాలుగవ దారిని నేను తప్పనను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచే పల్లపు చోట్లలో మట్టి గోడల మండువాను ఉన్నచోట నిలపాలని పట్టుబట్టడం కూడా సరికాదు.

వారసులు ఎక్కువమంది ఉన్న ఇంట్లో అసలు కష్టం కర్రలో ఉండదు, సంతకాల్లో ఉంటుంది. అందరి పేర్లా ఉన్న ఇంటికి ఎవరూ పెట్టుబడి పెట్టరు. ఒకరు మిగిలినవారి వాటాలు కొనుక్కోవడమో, కొన్నేళ్ల పాటు ఒకరికి నిర్వహణ అప్పగిస్తూ అందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవడమో జరగకపోతే, మంచి వడ్రంగి దొరికినా ఆయనతో పని మొదలుపెట్టించకూడదు. సగం విప్పిన కప్పు కింద తగాదా పడితే ఒక్క వానాకాలంలో ఇల్లు పోతుంది.

ఈ సంక్రాంతికి మాట తేలకపోతే, తేలే దాకా ఇంటిని బతికించే పని కొద్దిపాటిదే ఉంది. మే నెల లోపల నాలుగు మూలల రేకు కాలువలను శుభ్రం చేయించి, తుప్పు పట్టిన రేకు మార్పించండి. పగిలిన పెంకులు సర్దించండి. స్తంభాల చుట్టూ ఉన్న సిమెంటును జానెడు వెడల్పున పగలగొట్టించి దిమ్మె బయటపడేలా చేసి, ఆ సందును ఇసుకతో నింపండి, నీరు దిగిపోతుంది. గోడల వెంట చెదమట్టి గీతలుంటే తుడిపించి, చెదల మందు కొట్టేవారిని పిలిచి నేల అంచున మందు వేయించండి. వారానికి ఒకసారి కిటికీలూ తలుపులూ తెరిచి సాయంత్రం దాకా ఉంచే మనిషికి నెలకింత అని కుదుర్చుకోండి. వ్యాపారికి మాత్రం వచ్చే ఏడు చెబుతామని అనండి. పాత టేకు ధర ఈలోగా పడిపోతుందని ఆయన అంటే, పోయిన ఏడు ఎంతకు కొన్నారో అడగండి.